గన్నవరం నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క కట్టుకునే పద్ధతి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళకు కొదవ లేదు. టికెట్ చేతికి రాగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగేవి రెండే: ఎంత దూరం, ఎన్ని గంటలు? నెట్‌లో వెతికితే ఒకచోట 14,500 కిలోమీటర్లు అని ఉంటుంది, ఇంకోచోట 15,700 అని ఉంటుంది. గంటల సంగతి మరీ అన్యాయం. పదహారు అని ఒకరంటే ముప్ఫై ఆరు అని ఇంకొకరు అంటారు. వీటిలో ఏదీ తప్పు కాకపోవచ్చు. ఒకరు భూమ్మీద గీత గీసి కొలిచారు, ఒకరు విమానం ఎగిరిన దూరం చెప్పారు, ఒకరు ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టారు.

మీ ప్రయాణానికి ఏది పనికొస్తుందో తెలియాలంటే లెక్క మీరే కట్టుకోవాలి. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. ఇక్కడ గన్నవరం నుంచి డల్లాస్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. లండన్‌కైనా మెల్‌బోర్న్‌కైనా పద్ధతి ఇదే.

ముందు విమానాశ్రయాలు ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో వెతకొద్దు, విమానాశ్రయం కోడ్‌తో వెతకండి. గన్నవరం కోడ్ వీజీఏ, శంషాబాద్‌ది హెచ్‌వైడీ, దుబాయ్‌ది డీఎక్స్‌బీ. డల్లాస్‌లో రెండు పెద్ద విమానాశ్రయాలున్నాయి. మన విదేశీ విమానాలు దిగేది డల్లాస్–ఫోర్ట్‌వర్త్‌లో, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. రెండోదైన లవ్‌ఫీల్డ్ అమెరికా లోపలి విమానాలకే. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకు కూడా ఊరి పేరు కాకుండా ఈ కోడే చెప్పండి.

తర్వాత వాటి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. గన్నవరం ఉత్తర అక్షాంశం 16.53, తూర్పు రేఖాంశం 80.80. డీఎఫ్‌డబ్ల్యూ ఉత్తర అక్షాంశం 32.90, పశ్చిమ రేఖాంశం 97.04.

నేరు దూరం

గోడకు తగిలించే ప్రపంచ పటాన్ని చూసి దూరం అంచనా వేయకండి. గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీస్తే ధ్రువాల దగ్గరి ప్రాంతాలు ఎక్కడలేని వెడల్పుకు సాగిపోతాయి. ఆ పటం మీద గన్నవరం నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అసలు దగ్గరి దారి అది కాదు.

పిల్లల చదువు బల్ల మీద గ్లోబు ఉంటే తీసుకుని ఒక దారం కొసను విజయవాడ దగ్గర వేలితో అదిమి, రెండో కొసను డల్లాస్ దాకా బిగుతుగా లాగండి. దారం ఎటూ వదులు లేకుండా ఉండాలంటే అది నేరుగా ఉత్తరానికి ఎక్కి, హిమాలయాలు, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఆనుకుని అవతలి వైపు కెనడా మీదుగా కిందికి దిగుతుంది. గుండ్రటి భూమి మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి గీత ఇదే. దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు.

మన జంటలో ఒక విశేషం ఉంది. తూర్పు 80.80, పశ్చిమం 97.04 కలిపితే 177.84. అంటే భూగోళం మీద ఈ రెండు ఊళ్ళ రేఖాంశాలు దాదాపు ఎదురెదురు, పూర్తి 180కి రెండు డిగ్రీలే తక్కువ. అందుకే దారి ధ్రువం పక్కనుంచి పోతుంది, అందుకే లెక్క కూడా నోటితో కట్టేంత తేలిక. గన్నవరం నుంచి ధ్రువానికి 90 లోంచి 16.5 తీసేస్తే 73.5 డిగ్రీలు. ధ్రువం నుంచి డల్లాస్‌కు 90 లోంచి 32.9 తీసేస్తే 57.1 డిగ్రీలు. మొత్తం 130.6. భూమ్మీద ఒక్కో డిగ్రీ సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,500 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. పెద్ద సూత్రంతో చేసినా జవాబు దాదాపు ఇదే.

మిగతా ఊళ్ళకు ఇంత సులువు కుదరదు. ఓపిక ఉన్నవాళ్ళకు సూత్రం ఇదీ: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి గుణించండి. ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం అయితే తేడా కోసం రేఖాంశాలను కూడాలి. రెండు గుణకారాల మొత్తానికి కొసైన్ విలోమం తీస్తే డిగ్రీలు వస్తాయి. వాటిని 111.2తో గుణించండి. శంషాబాద్ నుంచి లండన్ హీత్రోకి ఇలా చేస్తే 7,750 కిలోమీటర్లు వస్తుంది. ఎక్సెల్‌లో చేసేవాళ్ళు ముందుగా డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరవద్దు, లేకపోతే జవాబు ఎక్కడికో పోతుంది.

లెక్క వద్దనుకుంటే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, గన్నవరం మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ తీసుకుని, డల్లాస్ మీద క్లిక్ చేయండి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు కొట్టినా చాలు. ఒకటే జాగ్రత్త. కొన్నిచోట్ల నాటికల్ మైళ్ళలో చూపిస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. యూనిట్ చూడకుండా అంకె ఒక్కటే రాసుకుంటే లెక్కంతా తారుమారవుతుంది.

మీరు నిజంగా ఎగిరే దూరం

గన్నవరం నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి 14,500 అనేది కొలబద్ద మాత్రమే. మీ టికెట్‌లో ఉన్న ఒక్కో విమానానికి విడివిడిగా దూరం కట్టి కూడండి. గన్నవరం నుంచి శంషాబాద్ సుమారు 265 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550. దుబాయ్ నుంచి డీఎఫ్‌డబ్ల్యూ సుమారు 12,900. మొత్తం 15,700 దాటుతుంది.

ఎక్కడో ఎడారి దాకా పక్కకు పోయి వస్తున్నామని అనిపిస్తుంది గానీ, అదనంగా పడింది 1,200 కిలోమీటర్లే. గాలిలో అది గంటన్నర లోపు. కాబట్టి టికెట్లు పోల్చేటప్పుడు కిలోమీటర్ల తేడా చూసి బాధపడకండి. ప్రయాణాన్ని సాగదీసేది మధ్య మజిలీలో కూర్చునే సమయం. దారి పొడవు దాని ముందు చాలా చిన్నది.

ఇక విమానం గీసిన గీత మీదే పోతుందని కూడా అనుకోవద్దు. మూసేసిన గగనతలం ఒక కారణం. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన దేశపు విమాన సంస్థలకు తన గగనతలం మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన విమానాలు దక్షిణానికి దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనం కోసం ఆగాయి. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా గగనతలం ఐరోపా సంస్థలకు మూతపడింది, తర్వాత అమెరికా సంస్థలకూ అదే అయింది. అంటే ఒకే రెండు ఊళ్ళ మధ్య ఏ దేశపు విమానం ఎక్కారన్న దాన్నిబట్టి కూడా దారి మారుతుంది.

రెండో కారణం గాలి, ఇది ఇంకా ఆసక్తికరం. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి వీస్తుంది. చలికాలంలో అది గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. వెనక నుంచి గాలి తోసింది మరి. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే దూరాన్ని బట్టి గంటలు చెప్పేయడం మానేస్తారు.

ధ్రువం మీదుగా పోవడం కాగితం మీది ముచ్చట కూడా కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. నేరు దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు, మన డల్లాస్ లెక్కకు దగ్గర దగ్గర. జోయా అగర్వాల్ కెప్టెన్‌గా ఉన్న ఆ బృందంలో పాపగారి తన్మయి కూడా ఉన్నారు.

దూరం నుంచి గంటలు

పెద్ద జెట్ విమానం పైకి ఎక్కాక గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయినా 900తో భాగించకండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ, దారి కొంచెం వంకరగా ఉంటుంది, రన్‌వే దాకా విమానం నేల మీద కదలడానికి కూడా సమయం పడుతుంది. టికెట్ మీద వేసేది విమానం గేటు వదిలిన క్షణం నుంచి అవతలి గేటు చేరే దాకా. అందుకని దూరాన్ని 850తో భాగించి, పైన ముప్పావుగంట కలపండి.

దుబాయ్ నుంచి డల్లాస్: 12,900ని 850తో భాగిస్తే 15 గంటల 10 నిమిషాలు. ముప్పావుగంట కలిపితే పదహారుకు ఐదు నిమిషాలు తక్కువ. విమాన సంస్థలు వేసేదీ పదహారు గంటల చుట్టూనే. తిరుగు ప్రయాణానికి గాలి సాయం ఉంటుంది గనక 925తో భాగించండి. అప్పుడు పద్నాలుగున్నర, పదిహేను మధ్య వస్తుంది. వెళ్ళేటప్పుడు భూమి ఎదురు తిరుగుతుందని, వచ్చేటప్పుడు కలిసొస్తుందని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. భూమితోపాటు గాలి, గాలితోపాటు విమానం అన్నీ తిరుగుతూనే ఉంటాయి. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమే.

చిన్న దూరాలకు 850 పనికిరాదు. గన్నవరం–శంషాబాద్ మధ్య ఏటీఆర్ లాంటి పంకాల విమానాలు తిరుగుతాయి, వాటి వేగం గంటకు 500 దరిదాపుల్లో ఉంటుంది. 265 కిలోమీటర్లకు అరగంట ఎగిరితే, నేల మీద పనులకు ఇంకో అరగంట. మొత్తం గంట.

గడియారం దగ్గరే అందరూ తడబడేది

ఈ భాగం నెమ్మదిగా చదవండి. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. రెంటినీ తీసివేస్తే ప్రయాణ గంటలు రావు. చేయాల్సింది ఒకటే: అన్నింటినీ మన సమయంలోకి మార్చి రాసుకోవడం.

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డల్లాస్ వేసవిలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి జరుపుతారు. సెప్టెంబరులో వెళ్ళి ఫిబ్రవరిలో తిరిగొచ్చేవాళ్ళకు వెళ్ళేటప్పటి తేడా ఒకటి, వచ్చేటప్పటి తేడా ఇంకొకటి. మన దేశంలోనూ దుబాయ్‌లోనూ ఈ మార్పు లేదు.

ఒక ఊహా టికెట్ తీసుకుందాం, నెల జూలై. శంషాబాద్‌లో మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి దుబాయ్‌లో 6:30కి దిగుతారు. చూడ్డానికి రెండున్నర గంటలు. మన సమయంలో అది ఉదయం 8, అంటే ప్రయాణం నాలుగు గంటలు. దుబాయ్‌లో 9:30కి మళ్ళీ బయలుదేరతారు, మనకు అప్పుడు 11. పదహారు గంటలు కలిపితే మనకు బుధవారం తెల్లవారుజామున 3. అందులోంచి పదిన్నర తీసేస్తే డల్లాస్‌లో మంగళవారం సాయంత్రం 4:30. టికెట్ చూసినవాళ్ళు తెల్లవారుజామున ఎక్కి సాయంత్రానికి దిగిపోతారని అనుకుంటారు. మనిషి పడే ప్రయాస మాత్రం 23 గంటలు.

తిరుగు ప్రయాణంలో బొమ్మ తలకిందులవుతుంది. డల్లాస్‌లో మంగళవారం రాత్రి 8కి ఎక్కితే మనకు అప్పుడు బుధవారం ఉదయం 6:30. పద్నాలుగున్నర గంటలకు దుబాయ్, అక్కడ రెండున్నర గంటల ఆగుడు, ఆపైన శంషాబాద్‌కు మూడున్నర గంటలు. దిగేసరికి గురువారం తెల్లవారుజామున 3. మంగళవారం బయలుదేరి గురువారం వచ్చారు కాబట్టి రెండు రోజుల ప్రయాణం అనిపిస్తుంది, నిజానికి ఇరవైన్నర గంటలే. ఇక్కడ ఇంకో చిక్కుంది. "గురువారం" అని చెప్పగానే ఇంట్లోవాళ్ళు కారు గురువారం రాత్రికి మాట్లాడతారు. తెల్లవారుజామున 3 అంటే బుధవారం రాత్రి భోజనం అయ్యాక కారు కదలాలని విడమరిచి చెప్పండి.

టికెట్ మీద సమయం పక్కన చిన్నగా కూడిక గుర్తు, ఒకటి అనో రెండు అనో ఉంటుంది. బయలుదేరిన తేదీకి అన్ని రోజులు కలపమని దాని అర్థం.

గుమ్మం నుంచి గుమ్మానికి

విమాన గంటలు ఎంత కచ్చితంగా కట్టినా, రోడ్డు కలపకపోతే ఆ లెక్క ఇంటికి పనికిరాదు. గుంటూరు నుంచి రెండు దారులున్నాయి. ఒకటి మంగళగిరి మీదుగా వారధి దాటి, బెంజ్ సర్కిల్, రామవరప్పాడు రింగ్ మీదుగా గన్నవరం వెళ్ళి విమానం ఎక్కడం. యాభై కిలోమీటర్ల దారే గానీ సాయంత్రం వేళ బెంజ్ సర్కిల్ దగ్గర ఏమవుతుందో విజయవాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు. గంటన్నర వేసుకోండి. రెండోది కారులోనో బస్సులోనో నేరుగా శంషాబాద్ పోవడం. దీనికి ఐదు గంటలు, పైన ఒక గంట వెసులుబాటు పెట్టుకోండి.

మొదటి దారికి: రోడ్డు గంటన్నర, గన్నవరంలో రెండు గంటలు, విమానం గంట, శంషాబాద్‌లో ఆరు గంటల ఆగుడు, అక్కడి నుంచి 23, డల్లాస్‌లో ఇమిగ్రేషన్, లగేజీ గంటన్నర, ఇంటికి ముప్పావుగంట. మొత్తం ముప్ఫై ఆరుకు కొంచెం తక్కువ. రెండో దారికి: రోడ్డు ఆరు, విమానాశ్రయంలో మూడు, ఆపైన అదే 23, అక్కడి రెండుంబావు. మొత్తం ముప్ఫై నాలుగుంబావు. తేడా గంటన్నరే.

నన్నడిగితే, ఒంటరిగా వెళ్ళే పెద్దవాళ్ళకు గన్నవరం నుంచే ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ తీసుకోవడం మేలు. బ్యాగులకు చివరిదాకా ట్యాగ్ వేస్తారేమో గన్నవరం కౌంటర్‌లోనే అడగండి. వేస్తే శంషాబాద్‌లో వాటిని మళ్ళీ మోయాల్సిన పని ఉండదు. మొదటి విమానం ఆలస్యమై తర్వాతది తప్పినా, ఒకే పీఎన్ఆర్ అయితే వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థది. రెండు విడి టికెట్లు కొంటే ఆ టెన్షన్ అంతా మీ నెత్తిన పడుతుంది. అప్పుడు శంషాబాద్‌లో కనీసం ఆరు గంటలు ఉంచుకోండి.

సంక్రాంతి వెళ్ళాక వారంలో ప్రయాణమైతే రోడ్డు దారి పెట్టుకోకపోవడమే మంచిది. పండక్కి వచ్చినవాళ్ళంతా ఒకేసారి హైదరాబాద్ మళ్ళితే పంతంగి టోల్‌గేటు, చౌటుప్పల్ దగ్గర వాహనాలు బారులు తీరతాయి. తప్పదంటే ముందురోజే వెళ్ళి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకోండి.

మజిలీ సమయం

దుబాయ్, దోహా లాంటి చోట్ల ఒకే పీఎన్ఆర్ మీద అయితే రెండున్నర నుంచి నాలుగు గంటలు హాయిగా సరిపోతుంది. గంటన్నర మజిలీ టికెట్ చవగ్గా దొరికినా పెద్దవాళ్ళకు తీసుకోకండి. వీల్‌చైర్ మనిషి వచ్చి తీసుకెళ్ళేదాకా ఆగాలి, భద్రతా తనిఖీ మళ్ళీ ఉంటుంది. అమెరికాలో ఇంకో ఊరికి మారాల్సి ఉంటే, మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ చేసుకుని, బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకు తగ్గొద్దు.

అమ్మ చేతికిచ్చే కాగితం

కట్టిన లెక్కంతా ఫోన్‌లో ఉంటే చాలదు. ఒక తెల్లకాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో మూడు నిలువు వరసలు గీయండి: ఏ ఊరు, ఆ ఊరి సమయం, మన సమయం. పై ఉదాహరణలో రెండో గీత "దుబాయ్ దిగడం, అక్కడ 6:30, మనకు 8 గంటలు" అని ఉంటుంది. మూడోది "దుబాయ్ ఎక్కడం, అక్కడ 9:30, మనకు 11". "ఏరా, నేను ఏ రోజు దిగుతాను?" అని అమ్మ అడిగితే, చివరి గీత కింద తేదీ, వారం రెండూ రాయండి. చేతి గడియారం డల్లాస్ చేరేదాకా మార్చొద్దని చెప్పండి. అది మన సమయం చూపిస్తున్నంతసేపూ మూడో వరసతో పోల్చుకోవచ్చు.

ఇంకో ఉపయోగం మందులది. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మధ్యలో ఊళ్ళ గడియారాలు చూసి వేసుకుంటే ఒకే మాత్ర రెండుసార్లు పడొచ్చు, లేదా అసలు పడకపోవచ్చు. ఈ కాగితం మీ డాక్టరుకు చూపించి, మన సమయం వరసలో ఏ గంటకు ఏ మాత్రో, ఇన్సులిన్ అయితే ఎంతో, ఆయన చేతే రాయించండి. మందులు చేతి సంచిలోనే ఉండాలి, ముప్ఫై ఆరు గంటలకు సరిపోయేవి కాకుండా ఇంకో రెండు రోజులవి అదనంగా.

ప్రయాణానికి మూడు రోజుల ముందు విమాన సంస్థ సైట్‌లో సమయాలు మరోసారి చూడండి, మారితే కాగితం తిరగరాయండి. అదే విమానం గత వారమంతా నిజంగా ఎన్నింటికి దిగిందో ఫ్లైట్‌రాడార్24లో విమానం నంబరు కొడితే తెలుస్తుంది. రోజూ అరగంట ఆలస్యంగా దిగుతుంటే డల్లాస్‌లో కారు తెచ్చేవాళ్ళకు ఆ మాట ముందే చెప్పి ఉంచండి.